శుక్రవారం గోళ్ళు

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, వేసవి మొదట్లో, నేను బెంగాలీ గడ్డమీద ఉన్న హిజ్లీ క్యాంపస్‌లోని ఐసోటోపు ప్రయోగశాలలో టెక్నికల్ సూపరింటెండెంటుగా ఉన్నాను. ప్రాచీన ఎముకలను పరీక్షించి ఆనాటి మనుషులు ఏం తిని బతికారో తెలుసుకోవడం మా పని. యంత్రం బాధ్యత నాది. అది ఇచ్చిన అంకెలకు అర్థం చెప్పే బాధ్యత మా ప్రొఫెసరుది. ఆమె బెంగాలీ. అందరం మేడమ్ అనేవాళ్ళం.

పద్ధతి ఇది. ఎముక ముక్కను పలుచని ఆమ్లంలో ఉంచితే సున్నపు భాగం కరిగిపోయి, కొలాజెన్ అనే మాంసకృత్తు మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, ఆరబెట్టి, చిన్న తగరపు పొట్లంలో చుట్టి యంత్రంలో కాలుస్తాం. నత్రజనిలో బరువైన రకం ఒకటి ఉంది. చేపలు, మాంసం బాగా తిన్నవారిలో దాని శాతం ఎక్కువగానూ, తిననివారిలో తక్కువగానూ ఉంటుంది. ఎముక చాలా ఏళ్ళ తిండిని చెబుతుంది. గోరు గడిచిన కొద్ది నెలల తిండిని చెబుతుంది.

కొత్త విద్యార్థులు ముందు తెలిసినవాళ్ళ గోళ్ళు పరీక్షించాలని మా నియమం. దాతలు చెప్పిన తిండికీ యంత్రం చెప్పినదానికీ పొంతన కుదిరితేనే ఎముకలు చేతికిచ్చేవాళ్ళం. ఆమ్లంలో కరిగిన ఎముక తిరిగి రాదు.

ఆ ఏడాది వంతు వరంగల్ నుంచి వచ్చిన స్వప్నది. ఒక మ్యూజియం ఆమె థీసిస్ కోసం కొన్ని పక్కటెముక ముక్కలు ఇచ్చింది. నెలాఖరులోగా నమూనాలు తీసుకొని తిరిగి పంపాలి. గడువు దాటితే మళ్ళీ ఇవ్వరు.

చేపలు ముట్టని పెద్దాయన ఒకరు కావాలంటే మా బావ పేరు నేనే చెప్పాను. బావ గూడ్సు గార్డుగా రిటైరై, క్యాంపస్ దగ్గరే ఝపటాపూర్‌లో ఉండేవాడు. తెలుగు చర్చిలో పెద్ద. ఒకప్పుడు మా అక్క జబ్బుపడితే, ఆమె కోలుకుంటే చేప, మాంసం, గుడ్డు మానేస్తానని ప్రార్థనలో మాట ఇచ్చాడు. అక్క కోలుకుంది. ఆయన మానేశాడు. ఆమె మాత్రం రోజూ ఆయన ఎదుటే చేపల పులుసు తినేది. బావ పోయి ఇంకా ఏడాది కాలేదు. ఇది రాయమన్నది అక్కే.

స్వప్న ఒకరోజు ఆయన ఇంటికి వెళ్ళి గోళ్ళ పొట్లం తెచ్చుకుంది. ఫలితాలు వచ్చాయి. అంకెల్లో బావ గోళ్ళు, రెండు పూటలా చేప తినే మేడమ్ గోళ్ళ పక్కన చేరాయి. మేడమ్ "ఫిర్ సే కరో" అన్నారు. మళ్ళీ అదే వచ్చింది. మీ బావ అబద్ధమాడరంటున్నారు, యంత్రం బాగుందంటున్నారు, ఇక మిగిలింది ఈ అమ్మాయి పనితనమే కదా అని నన్ను అడిగారు. ఎముకల పెట్టెకు తాళం తీయలేదు.

"నేను మంచిగనే కడిగిన సార్," అంది స్వప్న. గడువు ఇంకో వారమే ఉంది.

మర్నాడు సాయంత్రం ఇద్దరం ఝపటాపూర్ వెళ్ళాం. అక్క వంటింట్లో చేపలు వేయిస్తోంది. సంగతి విని గరిటెతో బయటికొచ్చింది.

"నాను బతకాలని మాటిచ్చినావు. బతికే ఉన్నాను గదా, నీ మాటేటయింది? ఖరిదా బజార్లో ఏ బెంగాలీ దాదా హోటల్లో మేస్తన్నావు?"

"సేప ముట్టలేదే!" అన్నాడు బావ.

స్వప్న మెల్లగా అంది: "తిన్న అనుండ్రి అంకుల్. ఎవ్వరికీ చెప్పం. మీరట్లంటే నాకు ఎముకలిస్తరు."

బావ ఇరకాటంలో పడ్డాడు. తినలేదంటే పిల్ల చదువు ఆగిపోతుంది. తిన్నానంటే దేవుడికిచ్చిన మాట పోతుంది. చివరికి గొంతు తగ్గించి, "ఆ గోళ్ళు నాయి కావమ్మా. మీ ఆంటీవి. నువ్వొచ్చే ముందురోజు తీసి కిటికీలో కాయితం మీద ఎట్టింది. గోరు గోరే గదా అని అయ్యే పొట్లం కట్టి ఇచ్చినాను," అన్నాడు.

"మీవి ఎందుకియ్యలే?"

"ఆరోజు శుక్రవారం."

స్వప్న లేచి నిలబడింది. "నేను అడగనే అడిగిన గద అంకుల్! శుక్రవారం గోళ్ళు తీయరేమో, ఇంకోరోజు వస్తనంటే, మాకట్లాంటివి ఉండవమ్మా అన్నరు!"

అంతకు ముందు ఆదివారమే ఆయన చర్చిలో కుర్రాళ్ళకు, మంచిరోజు చెడ్డరోజు అన్నవి లేవని గంటసేపు చెప్పాడు. అక్క గోడకు ఆనుకొని నవ్వింది. లోపల చేపలు మాడాయి. నవ్వు ఆగాక నెయిల్ కట్టరు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "ఇప్పుడే తియ్యి, పిల్ల ఎదర," అంది.

బావ కట్టరు వైపు చూశాడు. "ఈరోజు మంగళవారం గదే," అన్నాడు.

బుధవారం పొద్దున్నే స్వప్న వెళ్ళి ఎదురుగా కూర్చొని తీయించుకొచ్చింది. ఆ గోళ్ళలో బరువైన నత్రజని దాతలందరిలోకీ తక్కువ. అక్క ఆ ఫలితాల కాగితాన్ని బావ టిఫిను పళ్ళెం పక్కన పెట్టి, ఇంకో దోసె వేసిందట. మేడమ్ సంగతంతా విని, గంభీరంగా "ఠీక్ హై" అని, తాళం తీసి, తలుపు వేసుకొని నవ్వారు. గడువుకు ముందే ఎముకల పని మొదలైంది.

ఆ తరువాత మా నియమానికి ఒక వాక్యం చేర్చాం: నమూనా సేకరించేవారి కళ్ళెదుటే తీయాలి. సేకరణకు బుధవారం కేటాయించాం. కారణం మాత్రం రాయలేదు. పాత ఎముక వచ్చినప్పుడు కూడా దాన్ని ఎవరు తవ్వారు, ఏ జిగురుతో అతికించారు, ఎవరి పెట్టెలో ఉంది అని ముందే అడగడం అలవాటు చేసుకున్నాను. యంత్రం తనకిచ్చినది ఏం తిన్నదో చెబుతుంది. అది ఎవరిదో మనమే తేల్చుకోవాలి.