పొడి మెట్టు

ఒంటి కుర్చీ సెలూన్ నడుపుకునే ఆయన పొద్దున్నే షట్టర్ ఎత్తి, అద్దం కంటే ముందు వీధి మెట్టు పొడిగుడ్డతో తుడుస్తాడు. ఆ మెట్టెక్కే మొదటి మనిషి పెద్దాయన. ఇంటిస్థలం అమ్ముతానని అగ్రిమెంటు రాసి, అడ్వాన్సు పుచ్చుకుని, ధరలు పెరగ్గానే అడ్డం తిరిగిన మనిషి. వడ్డీతో సహా డబ్బు వెనక్కి పట్టుకెళ్లమన్నా వినక, స్థలమే రిజిస్టరు చేయించమని సెలూనాయన దావా వేశాడు. "ఆయన దగ్గర రూపాయి కూడా తీసుకోకు. అడ్వాన్సు తిరిగిచ్చేశానంటాడు" అని లాయరు గట్టిగా చెప్పాడు. అందుకే ఏళ్ల తరబడి పెద్దాయనకు గడ్డం ఉచితం. ఆయనా ఆ రుచి మరిగాడు.

ఇవాళ గొంతు మీద కత్తి ఉండగా పెద్దాయనకు దగ్గుతెర వచ్చింది. సెలూనాయన చటుక్కున కత్తి తీసి, దగ్గు తగ్గేదాకా ఆయన వీపు నిమిరాడు. గడ్డం పూర్తయి పెద్దాయన వెళ్లాక, బెంచీ మీద కూర్చున్న పక్కకొట్టు టైలరు నవ్వాడు. "కాస్త చెయ్యి జారనిస్తే పీడా వదిలేది కదన్నా!"

సెలూనాయన నవ్వలేదు. "ఆయన పోతే వారసులు ఐదుగురు తమ్ముడూ. అందర్నీ కేసులోకి లాగాలి, మళ్లీ వాయిదాలు. అప్పటిదాకా నేనుండొద్దూ?" అంటూ కత్తి కడిగిన నీళ్లు బయట పారబోశాడు. నాలుగు చుక్కలు మెట్టు మీద పడ్డాయి. రేపు పెద్దాయన కాలు పెట్టే చోటది. గుడ్డ తీసుకుని గబగబా వంగాడు.