నిమ్మచెట్టు కింద ఆంటీ

మొన్న పాత సామాన్ల షాపులో హార్మోనియం చూడగానే చిన్నప్పటి పక్కింటాయన గుర్తొచ్చారు.

నాకప్పుడు ఏడేళ్లు. ఆస్ట్రేలియాలోని వెర్రిబీ ఊళ్లో మా పక్కింట్లో ఒక స్కాట్లండ్ ముసలాయన ఒంటరిగా ఉండేవారు. జీవితమంతా నవ్వు పాటలు రాసి, హార్మోనియం వాయిస్తూ ఊరూరా పాడినాయనట. అది నాకప్పుడు తెలియదు. ఒకరోజు కంచె అవతల ఆయన తనలో తాను అనుకుంటున్న మాటలు మాత్రం విన్నాను.

“ఆంటీని నిమ్మచెట్టు కింద పాతేద్దామా, చెత్తడబ్బాలో వేద్దామా?”

ఆ సాయంత్రమే అమ్మ గారెల గిన్నె చేతికిచ్చి ఆయనకి ఇచ్చి రమ్మంది.

“నో అమ్మా! హీ కిల్డ్ యాన్ ఆంటీ!”

“పిచ్చి మాటలు ఆపు. వేడి మీద ఇచ్చేసి రా.”

గిన్నె పట్టుకుని వెళ్లాను. గారెలు చూసి ఆయన మురిసిపోయి, హార్మోనియం ముందు కూర్చుని పాట ఎత్తుకున్నారు. పాటలో ఆంటీని పాతేసే మాట రాగానే నేను బావురుమన్నాను. పాట ఆగింది.

“నవ్వు రాలేదా?” అని అడిగారు. ఆయన ముఖం పాలిపోయింది. నేను ఒక్క పరుగున ఇంట్లో పడ్డాను.

మర్నాడు కంచె అవతల పాట మారింది. ఆంటీ గోతిలోంచి లేచొచ్చి గారెలు అడుగుతోంది. చచ్చినావిడ లేచిందని నాకు ఇంకా భయమేసి కిటికీ ధడాలున మూసేశాను.

ఆ పాట నా ఒక్కదాని కోసమే మార్చారని ఇప్పుడు తెలుస్తోంది. కిటికీ చప్పుడు ఆయనకి వినిపించే ఉంటుంది.