ధవళేశ్వరం దాకా ఆటోలో వదినగారు

మూడు నెలలు మంచం మీద కదలకుండా పడుకున్నాక నాకు కుదురుగా కూర్చోవడం చేతకాకుండా పోయింది. స్కూటర్ మీంచి పడితే తొడ ఎముక విరిగి లోపల రాడ్ వేశారు. కోలుకుని కాలేజీకి వెళ్ళాక పాఠం చెబుతూ కూడా గదంతా తిరుగుతూనే ఉండేదాన్ని. డాక్టరుగారు నడవమంటే నడిచాను. ఇక పరిగెత్తొచ్చు అంటే పరిగెత్తాను. రాజమండ్రిలో ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు పెడుతున్నారని తెలియగానే పేరిచ్చేశాను.

ఆ కబురు విని మావారి అక్క పాలకొల్లు నుంచి ముందురోజే వచ్చేసింది. నేను మంచాన పడ్డప్పుడు తన టైలరింగ్ షాపు వదిలి వచ్చి, నాకు స్నానం చేయించి, పట్టుకుని నడిపించిన మనిషి.

"రాడ్డుతో పరుగేంటమ్మాయ్? సరే, ఆటో మాట్లాడాను. నేనూ వెనకే వస్తాను."

పొద్దున్నే కోటిలింగాల రేవు దగ్గర మొదలుపెట్టాం. ధవళేశ్వరం దాకా వెళ్ళి మళ్ళీ రేవుకే రావాలి. నాకు నిదానం లేదు. ముందున్నవాళ్ళని దాటాలి, దాటగానే వాళ్ళ ముందున్నవాళ్ళని. పక్కనే గోదావరి ఉన్నా ఒక్కసారైనా తల తిప్పలేదు. వెనక వదినగారి గొంతు మాత్రం వినబడుతూనే ఉంది.

"ఆటో రాకూడదండి," అంటున్నాడు కానిస్టేబుల్.

"మా అమ్మాయి కాల్లో రాడ్డుందండి. పడిపోతే మీరు ఎత్తుకొస్తారా?"

ఆటో వచ్చింది.

ధవళేశ్వరం దగ్గర వెనక్కి తిరిగిన కాసేపటికే తొడ పట్టేసింది. అడుగు పడలేదు. నాలుగు నిమిషాల క్రితం నేను దాటినవాళ్ళంతా నన్ను దాటిపోతుంటే ఏడుపొచ్చింది. వదినగారు ఆటో దిగి, కొంగు దోపుకుని, నా చంక కింద చెయ్యి వేసింది. ఇద్దరం రోడ్డు వారగా నడవసాగాం. ఆ పట్టు నాకు తెలుసు. వరండా దాకా నడవడానికి కూడా అదే పట్టు కావలసిన రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు తోచని ప్రశ్న ఇప్పుడు తోచింది.

"వదినగారూ, మీరు మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ షాపు ఎవరు చూసుకున్నారండీ?"

"ఎవరు చూస్తారు? మూసేశానుగా. పాత బేరాలు సగం పోయాయి. ఇప్పుడెందుకు అడుగుతున్నావు?"

ఆవిడ అదేదో వాన పడిందన్నంత మామూలుగా చెప్పింది. నేను "థాంక్సండీ" అన్నాను. బస్సులో సీటిచ్చినవాళ్ళకి చెప్పే మాట!

"థాంక్సేంటే! పద, పద. ఇదిగో, తొడ సర్దుకున్నట్టుంది, మళ్ళీ కాళ్ళు ఆగట్లేదు నీకు. వెళ్ళు."

వెళ్ళాను. ఈసారి ఎవరినీ దాటాలనిపించలేదు. అయినా లోపల తొందర తగ్గలేదు. ఆవిడకి సరిగ్గా ఏదో చెప్పాలి, త్వరగా చేరాలి. ఆటో నన్ను దాటి ముందుకి వెళ్ళిపోయింది.

నేను రేవు చేరేసరికి జనం పలచబడ్డారు. బ్యానరు విప్పుతున్న కుర్రాళ్ళకి వదినగారు అడ్డం నిలబడి ఉంది.

"ఇంకో మనిషి ఉందండి బాబూ, కాస్త ఆగండి! అదిగో, వస్తోంది!"

ఒక కొన వేలాడుతున్న ఆ బ్యానరు కిందనుంచి తిన్నగా వెళ్ళి ఆవిడని వాటేసుకున్నాను. ఆవిడ "చెమట, చెమట" అంటూనే నన్ను వదల్లేదు. నేను చెప్పాలనుకున్న మాటలు అప్పుడూ రాలేదు.

మరుసటి ఆదివారం ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. మా కాలేజీ మేడమ్‌ల జాకెట్టు గుడ్డలు సంచీ నిండా సర్దుకుని పాలకొల్లు బస్సెక్కాను.