కలువాయిలో పోసిన పాలు

ఉదయగిరి కోటలో దెయ్యం తిరుగుతుందని సగం ఊరిని నమ్మించినవాణ్ణి నేనే. సరుకు తయారుచేసేవాడికి ఆ సరుకు మీద నమ్మకం ఉండదు కదా. దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఇది మాత్రం నేను కల్పించింది కాదు.

నాకు ఆత్మకూరులో చిన్న కంప్యూటర్ షాపు ఉంది. అనంతసాగరం దగ్గర పల్లెలో పాలకేంద్రం నడిపే నా స్నేహితుడు ఖాదర్ కోసం ఒక వెబ్ అప్లికేషన్ తయారుచేశాను. ఎవరెన్ని పాలు పోశారో వాళ్ల ఫోనుకు మెసేజ్ పోవాలి. దానికి మొబైల్ కంపెనీల అనుమతి కావాలి. పంపేవారి పేరు, మెసేజ్‌లో రాసే మాటలు అన్నీ ముందే చూపించాలి. వాళ్లు సరే అనేదాకా ఒక్క అక్షరం కూడా బయటికి పోదు. మా అర్జీ అప్పటికింకా పెండింగ్‌లోనే ఉంది.

ఆ రోజుల్లోనే, ఖాదర్ కేంద్రంలో పాలు పోసే మస్తానమ్మక్క గేదె తప్పిపోయింది. ఒంటరి మనిషి. ఆ గేదె మీదే ఇల్లు గడిచేది. వారం పాటు పెన్న ఒడ్డంతా వెతికి, ఆశ వదులుకుంది.

ఒకరోజు పొద్దున ఖాదర్ ఫోన్ చేశాడు.

"ఏందిరా, నాకు చెప్పకుండానే మెసేజులు మొదలుపెట్టినావా?"

అనుమతే రాలేదన్నాను. అంతలో మస్తానమ్మక్క ఫోన్ లాక్కుంది.

"అబ్బయా, నా గేదె పాలు మూడు లీటర్లు కలువాయి కేంద్రంలో పోసినారని వచ్చుండాది. నిజమైతే చెప్పు, పోతాను. ఉత్తదైతే ఇప్పుడే చెప్పేయ్. ఇంకోసారి ఏడ్చే ఓపిక లేదు నాకు."

నా స్క్రీన్ చూశాను. ఒక్క మెసేజ్ కూడా పోలేదు. పైగా కలువాయి కేంద్రం నా అప్లికేషన్‌లో లేనేలేదు. అక్కడ ఇప్పటికీ చేత్తోనే రాసుకుంటారు. ఉత్తదనే చెప్పాలి. అయినా వస్తున్నా ఉండక్కా అన్నాను.

ఆమె ఫోన్ నా కళ్లతో చూశాను. మేము అడిగిన పేరుతోనే, మేము రాసిన మాటలతోనే ఉంది. ఆ పేరు మాకింకా ఇవ్వనే లేదు.

ముగ్గురం ఆటోలో పెన్న దాటి కలువాయి వెళ్లాం. పాడి లేని ఒక ముసలి జంట నాలుగు రోజులుగా పాలు తెచ్చి పోస్తున్నారని కేంద్రంలో చెప్పారు. ఆ పొద్దున పోసింది మూడు లీటర్లే. అదీ వాళ్ల పేరు మీదే. ఇంటికి వెళ్తే గేదె చింతచెట్టు నీడలో నెమరేస్తోంది. దారితప్పి వచ్చిందని, పిండకపోతే పొదుగు చెడుతుందని పిండుతున్నామని చెప్పి, వాళ్లే పలుపు విప్పి మస్తానమ్మక్క చేతికిచ్చారు. గేదె ఆమె భుజం నాకింది.

మెసేజులు పంపే కంపెనీని అడిగితే, మా ఖాతా నుంచి ఏదీ పోలేదన్నారు. అదే మస్తానమ్మక్కకు చెప్పాను.

"ఎవురు పంపితే ఏందిలే అబ్బయా. గేదె ఇంట్లో ఉండాది," అంటూ ఆ పాలతోనే టీ పెట్టి ఇచ్చింది.

ఎవరు పంపారో నాకు ఈనాటికీ తెలియదు. ఆ పూట రెండో గ్లాసు కూడా తాగి వచ్చాను.