కమల మెడకు పెంచిన చర్మం

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది. కోయంబత్తూరులో కాలిన గాయాలకు చర్మం పెంచి ఇచ్చే ల్యాబ్‌లో నేను సీనియర్ టెక్నీషియన్‌ని. రోగి తొడ నుంచి చిన్న చర్మం ముక్క తీసి, అందులోని కణాలను కొలాజెన్ అనే ప్రోటీన్ పొర మీద పెంచుతాం. ఆపరేషన్ ఆలస్యమైతే ఆ పొరను లిక్విడ్ నైట్రోజన్ చలిలో గడ్డకట్టించి దాస్తాం. దీన్నే క్రయోప్రిజర్వేషన్ అంటారు. గడ్డకట్టించడం ఎవరైనా చేస్తారు, ప్రాణంతో కరిగించడంలోనే ఉంది పనితనం. అందులో నాకు సాటి లేరని నా గొప్ప, ఇప్పటికీ.

దగ్గర్లోని కినత్తుకడవు ఊరి నుంచి కమల కేసు అప్పుడే వచ్చింది. కొబ్బరి ఎండబెట్టే కొట్టంలో నిప్పంటుకుని ఆమె మెడ కాలింది. గాయం మానింది గానీ మచ్చ బిగుసుకుపోయి గడ్డం రొమ్ముకు అంటుకుంది. తల ఎత్తలేదు. డాక్టర్ ఆ మచ్చను కోసి, అక్కడ మా చర్మం వేయాలి. మెడ మడతపడే చోటు కనుక మామూలు కంటే మందంగా పెంచాం. తీరా అది సిద్ధమయ్యేసరికి ఆమెకు జ్వరం. చర్మం నైట్రోజన్‌లోకి వెళ్ళింది. ఉన్నది ఆ ఒక్క ముక్కే.

జ్వరం తగ్గాక ఆపరేషన్ పెట్టారు. అసలుదాన్ని తీసే ముందు, అదే మందంలో గడ్డకట్టించిన కణాల్లేని ఉత్త పొరను కరిగించి చూడటం నా అలవాటు. ఎప్పటిలా ట్యాంకులోంచి తీసి నేరుగా గోరువెచ్చని నీళ్ళలో వేశాను. టప్పుమని నడిమికి పగిలింది.

"అది ఉత్త పొర కదా మేడం. థియేటర్ రెడీగా ఉంది, అసలుది తీయండి," అన్నారు డాక్టర్.

"పగిలేది కణాలు కాదు సార్, గడ్డకట్టిన పొర. ఇవాళ ఇవ్వను," అన్నాను.

బయట కమల భర్త రంగసామి భగ్గుమన్నాడు. "పొద్దున్నించి పచ్చినీళ్ళు ముట్టలేదక్కా, పావం! ఫ్రిజ్జులో పెట్టిన ఇడ్లీ పిండి తీసి వాడేస్తాము కదా, దీనికేమి ఇంత?"

"పిండి పోతే ఇంకో తూరి రుబ్బుకుంటావు. ఇది పోతే మళ్ళా తొడ కోయాల, మళ్ళా వారాలు పెంచాల. అందాక నీ పెండ్లాము తల దించుకొనే ఉండాల. సరేనా?"

అతను కళ్ళు తుడుచుకున్నాడు. అయినా నేను మాట మార్చలేదు.

మిగిలిన ఉత్త పొరల్లో థర్మోకపుల్, అంటే సన్న తీగలాంటి థర్మామీటర్, పైన ఒకటి, నడుమ ఒకటి పెట్టి చూశాను. మందం వల్ల వేడి లోపలికి త్వరగా చేరడం లేదు. పైభాగం వెచ్చబడి సాగుతుంటే లోపల ఇంకా గాజులా బిర్రుగా ఉంది. ఆ లాగులాటే థర్మల్ స్ట్రెస్, పగిలేది దానివల్లే. కనుక ముందు నైట్రోజన్ ఆవిరిలో నిదానంగా చలి తగ్గిస్తూ, పైనా లోపలా ఒకే చలికి వచ్చేదాకా ఉంచాలి. ఆ తర్వాత మాత్రం తాత్సారం పనికిరాదు, మంచు పలుకులు పెరిగి కణాలను చీలుస్తాయి. అప్పుడు గబుక్కున వెచ్చని నీళ్ళలో వేయాలి. అలా చేస్తే ఉత్త పొరలు ఒక్కటీ పగల్లేదు.

మర్నాడు కమల చర్మం చెక్కుచెదరకుండా నా చేతికొచ్చింది. "మీరే గెలిచారు మేడం," అంటూ డాక్టర్ అందుకున్నారు.

పొర మందం మారితే కరిగించే పద్ధతీ మారాలి. ఎవరు ఎంత తొందరపెట్టినా అది తేలేదాకా ముక్క నా చేయి దాటదు. ఆ కేసు నేర్పింది ఇదే.

కొన్ని నెలలకు మొగుడూ పెళ్ళాలు నన్ను చూడటానికి వచ్చారు. ఎండన పడి వచ్చారని చెంబుతో నీళ్ళిచ్చాను. కమల తల వెనక్కి వాల్చి, చెంబు పెదవికి తగలనీకుండా, ఎంగిలి కాకుండా మా కోయంబత్తూరు ఇళ్ళలో తాగినట్టే, పైనుంచి ధారగా గొంతులో పోసుకుంది.

చెంబు ఖాళీ చేసి నా వైపు చాచింది. "ఇంకా కొంచెం ఇయ్యక్కా."