కుబుసం విడిచే వేళ

మా అత్తయ్యను వీధిలో అందరూ పురుగులమ్మ అనేవారు. ఆవిడ ఏమీ అనుకునేది కాదు. ఇంటి వెనక రేకుల గదిలో తట్టల మీద పట్టుపురుగులు పెంచడం ఆవిడ పని. మల్బరీ ఆకులో తడి ఉంటే పురుగుకి జబ్బు చేస్తుందని, ప్రతి ఆకూ చెంగుతో తుడిచి మరీ వేసేది.

గొంగళిపురుగు సీతాకోకచిలుక అవుతుందని లోకం ముచ్చటగా చెప్పుకుంటుంది. అత్తయ్యకు ఆ ముచ్చట గిట్టదు.

"మన పురుగుకి అంత అదృష్టమా? రెక్కలొచ్చేలోపే గూడుతో సహా వేడినీళ్ళలోకి పోతుంది. ఉన్నన్నాళ్ళూ కుబుసాలు మార్చుకోవడమే దాని బతుకు," అనేది.

కుబుసం విడిచే ముందు పురుగు తిండి మానేస్తుంది. తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. అప్పుడు ఆకు వేయకూడదు, ముట్టుకోకూడదు. ముట్టుకుంటే పాత తోలు సగంలో చిక్కుకుని చస్తుంది. ఆ గదిలో అదే చట్టం.

మా ఆయన పనికని వెళ్ళి, రోడ్డు మీద లారీ గుద్ది పోయారు. నేను మంచం దిగలేదు. తిండి లేదు, మాట లేదు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళను అత్తయ్య గుమ్మంలోనే ఆపేసింది.

"ఏంటి పురుగులమ్మా, కోడల్ని కూడా తట్టలో పెట్టావా?" అంది పక్కింటి కుట్టుమిషన్ పిన్ని.

"పెట్టానే. నిన్ను పెడితే తట్ట విరుగుద్ది, పో."

లోపలికొచ్చి నాతో మాత్రం, "లేవాలనిపించినప్పుడే లేద్దువుగాని తల్లీ," అని తలుపు దగ్గరగా వేసింది. పోయింది ఆవిడ కన్నకొడుకు. అయినా ఒక్క పూట తట్టలకి ఆకు మానలేదు.

ఒక పొద్దున నేనే లేచి వెళ్ళి ఆకు కోసుకొచ్చాను. మొగుడు పోయాక మనిషే మారిపోయిందని వీధి చెవులు కొరుక్కుంది. అత్తయ్య నా చేతిలో ఆకు చూసి, "లేచావుగా. ఇక తట్టలు నీవి," అంది.

ఆ సాయంత్రం తను పడుకుంది. ముద్ద నోటికి అందిస్తే తల తిప్పేసుకుంది. డాక్టరు చూసి, "జబ్బంటూ ఏమీ లేదమ్మా, ఆవిడే వద్దనుకుంటోంది," అన్నాడు. తన ఏడుపంతా నేను లేచేదాకా దాచి ఉంచుకుందని అప్పుడు అర్థమైంది.

"నన్ను ముట్టుకోకే. కుబుసం విడుస్తున్నా," అని నవ్వబోయింది.

లేస్తుందనే నమ్మకంతో, ఆవిడ చెప్పినట్టే ఎడంగా కూర్చున్నాను. రోజురోజుకీ పక్కలో సగమైపోయింది. ఒక మధ్యాహ్నం ఆకు తుడుస్తుంటే ఆవిడ పడుకున్న గదిలోంచి, "నాన్నా, వచ్చావా?" అని వినబడింది. కొడుకుని పిలిచే గొంతు అది.

చట్టం తప్పాను. పరిగెత్తుకెళ్ళి ఆవిడ తలను ఒళ్ళోకి తీసుకున్నాను. వద్దనలేదు. కాసేపు నా వేళ్ళు తడుముకుంది.

"చేతులు తడిగా ఉన్నాయేంటే? ఆకు తుడవలేదా?"

"తుడిచాను అత్తయ్యా."

"ఊఁ," అంది. నా వేళ్ళు పట్టుకున్న చెయ్యి వదులైపోయింది.

ఆకు వేసే వేళ దాటిపోతోందని తెలుస్తూనే ఉంది. నేను లేవలేదు.