పాట నడుమ మైకు

మా మనుమరాలు ఇంటర్ చదువుతోంది. దాని ఫోన్‌లో మోగేవన్నీ మా కాలపు పాటలే. కాలేజీ ఫంక్షన్‌లో అలాంటిదొకటి పాడతానని పేరిచ్చి, మొన్న మధ్యాహ్నం వచ్చి నా మంచం మీద కూర్చుంది. ఈ ఇంట్లో నన్ను వెతుక్కుంటూ ఒకరు రావడం ఎప్పటి మాటో.

ఇక ఆగుతానా? "మనూర్ నుంచి కంగ్టి దాకా నా మైక్ సెట్ లేనిదే పెండ్లే కాకపోతుండె బిడ్డా. గీ పాట పెడితే పెండ్లికొడుకు సుత ఏడ్చిండు" అన్నాను.

నిజానికి కంగ్టివాళ్ళు నన్ను పిలిచింది వాళ్ళ మైకువాడికి జ్వరమొచ్చినప్పుడు. పెళ్ళికొడుకు ఏడ్చింది పొయ్యి పొగకు.

"గింత పాతవి నీకెందుకే?" అని అడిగాను.

"వీటిల్ల తొందర లేదు తాతా. పాడుకుంట పాడుకుంట నడుమ ఊకుంటరు. అప్పుడు వయొలిన్ వస్తది సూడు, గదంటే నాకు పానం. గా ముక్క జర నేర్పియ్యి. అక్కడ నేను నోటితోనే రాగం తియ్యాలె."

"గదెంత పని!"

పల్లవి బాగానే వచ్చింది. ఆ తర్వాత వయొలిన్ ముక్క దగ్గర ఏమీ తోచలేదు. ఏదో కల్పించి తీశాను. అది ఫోన్ నొక్కి అసలుది వినిపించింది. నా రాగానికీ దానికీ దూరపు చుట్టరికం కూడా లేదు.

"అన్ని పెండ్లిళ్ళల్ల పెట్టిన అంటివి కద?"

పెట్టాను. కానీ గొంతు ఆగి వాయిద్యం మొదలవగానే చప్పుడు తగ్గించి మైకు అందుకునేవాణ్ణి. "మగపెండ్లోళ్ళు బువ్వకు రావాలె! తొవ్వల బండి పెట్టినోళ్ళు జల్దీ తియ్యాలె!" పాడేవాళ్ళ మాట చెడకుండా అరవడానికి పాటలో అదొక్కటే జాగా. ఏ ఊరి మైకువాడైనా అంతే. తీరిక పాటలకుంది, మాకు లేదు. ఆ వయొలిన్‌ను నేను ఒక్కనాడూ వినలేదు. అదే చెప్పేశాను.

"రాదని ముందే అంటే అయిపోతుండె కద తాతా" అంటూ లేచిపోయింది.

సాయంత్రం అది లోపలి గదిలో ఫోన్ ముందు పెట్టుకుని నేర్చుకుంటుంటే గడప దగ్గర నిలబడ్డాను.

"నేను రానా? తాళమన్న వేస్త."

"వద్దు. నువ్వొస్తె పాట కాదు, నీ ముచ్చట్లే అయితయి."

పాతవి పిల్లలకు ముద్దే. వాటి వెంట మేమూ వస్తామంటేనే చికాకు. ఏదో ఒకటి అందామని నోరు తెరిచేలోగా లేచొచ్చి తలుపు వేసుకుంది.